టెండరులో నేను రాసిన ఒక్క వాక్యం

తాగునీటి పనులు చూసే ప్రభుత్వ శాఖలో ముప్పై మూడేళ్ళు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టింది మనుబోలులో. ఉద్యోగమంతా నెల్లూరు జిల్లాలోనే, ఎక్కువగా సముద్రం పక్క మండలాల్లో. ఈ మధ్య కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీర్లకు శిక్షణ జరుగుతుంటే ఓ గంట మాట్లాడమని పిలిచారు. పంపుల గురించో పైపుల గురించో అడుగుతారనుకుని వెళ్ళాను. చివర్లో ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఇప్పుడు టెండర్లన్నీ ఆన్‌లైనే కదా. ఇక మనం తప్పు చేద్దామన్నా వీలు కాదు కదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వేసి ఏదో చెప్పి కూర్చున్నాను. బస్సెక్కాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అందుకని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ సీట్లో ఎన్నేళ్ళు కూర్చున్నాను లాంటివి ఇందులో ఉండవు. అవి సర్వీసు రిజిస్టర్లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. నేను చెప్పదలచుకున్నది ఒక కాంట్రాక్టరు గురించి, ఒక పైఅధికారి గురించి, ఎండుచేపలు అమ్ముకునే ఒకావిడ గురించి. ఆ ముగ్గురి మధ్య నేను చేసిన తప్పు గురించి.

పెట్టె ఉన్న రోజులు

నేను చేరిన కొత్తలో టెండరంటే ఇనప్పెట్టె. కాంట్రాక్టరు తన రేటు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, గడువు లోపల ఆఫీసులో ఉన్న ఆ పెట్టెలో వేయాలి. వినడానికి చాలా సులభం. కానీ పెట్టె దాకా రావడానికి మెట్లెక్కాలి. టెండరు రోజున ఆ మెట్ల మీద పదిపదిహేను మంది కూర్చుని ఉండేవాళ్ళు. ఈ పని ఎవరికి పోవాలో వాళ్ళలో వాళ్ళు ముందే అనుకుని ఉంటారు. కొత్తవాడు కవరు పట్టుకుని వస్తే, "ఇది ఫలానా ఆయనది అన్నా, నువ్వు ఇంకోటి చూసుకో" అని భుజం మీద చెయ్యేసి వెనక్కి తిప్పేవాళ్ళు. తిరగకపోతే చెయ్యి భుజం మీంచి మెడ మీదికి వచ్చేది. కాంపౌండులో ఒక కానిస్టేబులు ఉండేవాడు. ఆయన ఎప్పుడూ రోడ్డు వైపే చూస్తుండేవాడు.

మస్తాన్ గారిని నేను మొదటిసారి గుర్తుపెట్టుకున్నది ఆ మెట్ల వల్లే. చిల్లకూరు మనిషి. మేస్త్రీగా మొదలై, చేతిపని బాగా తెలిసి, చిన్న చిన్న కాంట్రాక్టులు చేసే స్థాయికి వచ్చాడు. ఒక ట్యాంకు పనికి కవరు వేయడానికి పొద్దుటి నుంచి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. గడువు మధ్యాహ్నం మూడు గంటలు.

రెండున్నరకు ఒకావిడ టిఫిన్ కారియర్ పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ఆఫీసులో ఉన్న ఒక్క ఆడ ఇంజినీరును నేనే. కారియర్ కింది గిన్నె తీసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన కవరు బయటికి లాగింది.

"మస్తాన్ ఇంటిదాన్ని మేడమ్. ఆయన్ని రెండుసార్లు ఆపేసినారు. ఆడమనిషి అన్నం తెస్తా ఉందనుకుని నన్ను ఎవురూ ఏం అనలా. పెట్టె యాడుండాది?"

చూపించాను. కవరు లోపల పడిన చప్పుడు విని, ఒక్క క్షణం అక్కడే నిలబడి, వెనక్కి తిరిగింది. పై గిన్నెలో నిజంగానే అన్నం ఉంది. "ఆయన బస్టాండులో కూర్చోనుండాడు, పొద్దున్నుంచి ఏం తినలా" అంటూ అదే మెట్ల మీదుగా దిగి వెళ్ళిపోయింది.

పని మస్తాన్ గారికే వచ్చింది. వారం తిరక్కుండా ఎవరో ఆయన మిక్సర్ మిషను పగలగొట్టారు. గూడూరు నుంచి ఇంకోటి అద్దెకు తెచ్చుకుని పని పూర్తి చేశాడు. నేను రిటైరయ్యే నాటికి కూడా ఆ ట్యాంకు చుక్క కారలేదు.

కంప్యూటరు మెట్లు ఖాళీ చేసింది

తర్వాత ఆన్‌లైన్ టెండర్లు వచ్చాయి. నోటిఫికేషను పోర్టల్లో పెడతాం, ఎవరైనా చూడొచ్చు. కాంట్రాక్టరు పెన్‌డ్రైవులా ఉండే తన డిజిటల్ కీతో సంతకం చేసి, ఎక్కడి నుంచైనా బిడ్డు వేయొచ్చు. గడువు దాటేదాకా ఎవరెవరు వేశారో, ఎంతకు వేశారో మాకు కూడా తెలియదు. ముందు టెక్నికల్ బిడ్డు తెరిచి, అర్హత ఉన్నవాళ్ళెవరో తేలుస్తాం. అర్హులైనవాళ్ళ రేట్లు మాత్రమే ఆ తర్వాత తెరుస్తాం. తక్కువకు వేసినవాళ్ళకు పని.

ఇది వచ్చిన తొలి నెలల్లో మా ఆఫీసు ముందు కనిపించిన నిశ్శబ్దం నేను మర్చిపోలేను. మెట్ల మీద ఎవరూ లేరు. గేటు పక్క టీకొట్టు రమణయ్య ఓ రోజు నాతో పేచీ పెట్టుకున్నాడు. "టెండరు రోజొస్తే నూరు టీలు పొయ్యేవి మేడమ్. మీ కంప్యూటరు నా కడుపు కొట్టినాది." ఆయన బాధ నిజమే కానీ, నాకు లోపల సంబరంగా ఉండింది.

మస్తాన్ గారు గూడూరులో ఇంటర్నెట్ సెంటరుకు పోయి, పట్టుదలగా కూర్చుని, బిడ్డు వేయడం తానే నేర్చుకున్నాడు. డిజిటల్ కీని రుమాల్లో ముడేసుకుని తిరిగేవాడు. "ఇది నా ఏలిముద్ర లాంటిది గదా మేడమ్, దీన్ని మెట్ల మీద ఎవురూ గుంజుకోలేరు" అన్నాడొకసారి.

పిల్లలూ, ఈ మార్పును తక్కువ చేసి మాట్లాడేవాళ్ళను నమ్మకండి. "అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే" అనేవాళ్ళు ఆ మెట్లు చూడలేదు. కానీ మెట్లు ఖాళీ అయ్యాయి కాబట్టి ఇక మనకు పనేం లేదనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ పొరపాటు నేను చేశాను.

పది కిలోమీటర్లు

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే మూడు పల్లెలున్నాయి. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టి అమ్ముతారు. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. రెండు రోజులకో మూడు రోజులకో వచ్చే ట్యాంకరు కోసం బిందెలు వరసగా పెట్టుకుని కాచుకునేవాళ్ళు. ఆ మూడు పల్లెలకు కలిపి ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టి, దూరం నుంచి తీపినీళ్ళు పైపులో తెచ్చే పథకం మంజూరైంది. అప్పటికి నేను డిప్యూటీ ఇంజినీరును. టెండరు కాగితాలు తయారుచేసే బాధ్యత నాది.

నా పైన ఉన్న ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, ఈఈ గారు, చాలా తెలిసిన మనిషి. కాంక్రీటు మీద చెయ్యి పెట్టి చూసి లోపల ఏముందో చెప్పగలిగేవారు. నాకు డిజైన్లు నేర్పింది ఆయనే. ఆడపిల్లవని సైటుకు పంపకుండా ఆఫీసులో కూర్చోబెట్టే రోజుల్లో, "ఆ అమ్మాయే వస్తుంది, జీపు పంపండి" అని పట్టుబట్టింది కూడా ఆయనే. ఆ కృతజ్ఞత నాకు ఎప్పుడూ ఉండేది. ఆయన చెప్పింది చేయడానికి అది ఒక కారణం.

ఆయన నా ముసాయిదా చదివి, అర్హత నిబంధనల దగ్గర పెన్ను ఆపారు.

"వసుంధరా, ఇది ఉప్పుగాలి తగిలే చోటు. అనుభవం లేనివాడు కడితే ఇనుము తుప్పు పడుతుంది. గత ఐదేళ్ళలో తీరానికి పది కిలోమీటర్ల లోపల ఇదే సైజు ట్యాంకు కట్టి ఉండాలని ఒక వాక్యం చేర్చు."

నాకు ఎంతో సబబుగా అనిపించింది. నేనే చక్కని ఇంగ్లీషులో రాసి, టైపు చేసి చేర్చాను. మంచి వాక్యం రాశానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఐదేళ్ళలో ఆ గీత లోపల అంత ట్యాంకు కట్టినవాళ్ళెవరో పాత ఫైళ్ళు తీస్తే పది నిమిషాల్లో తెలిసేది. తీయలేదు.

ఐదు బిడ్లు వచ్చాయి. టెక్నికల్ బిడ్లు తెరిస్తే మూడు ఆ ఒక్క వాక్యం దగ్గరే రాలిపోయాయి. మిగిలిన ఇద్దరిలో ఒకరు జిల్లాలో పెద్ద కాంట్రాక్టరు. రెండోది ఆయన బావమరిది పేరు మీద ఉన్న సంస్థ. ధరావతు కింద ఇద్దరూ జతపరిచిన బ్యాంకు డీడీల నంబర్లు చూశాను. పక్కపక్కనే ఉన్నాయి. ఒకే బ్యాంకులో, ఒకే కౌంటరు దగ్గర, ఒకరే నిలబడి తీసుకున్నట్టు.

ఈఈ గారి గదికి పోయి చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇద్దరూ ఒకే రోజు బ్యాంకుకు పోయారేమో. అది నేరమా?" అన్నారు. బయటికొచ్చి అర్హుల పట్టిక మీద సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టేటప్పుడు నాకు తెలుసు. తెలియక చేశానని ఈరోజు చెప్పుకోను.

తిరస్కరించిన మూడింటిలో మస్తాన్ గారిది ఒకటి. ఆయన కట్టిన ట్యాంకులన్నీ చిల్లకూరు, మనుబోలు చుట్టుపక్కల, తీరానికి దూరంగా హైవే వైపు ఊళ్ళలో ఉన్నాయి. మూడు రోజుల తర్వాత ఆఫీసుకు వచ్చాడు. అరవలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్, కంప్యూటర్లో 'అనర్హుడు' అని ఒక్క మాట వచ్చింది. ఎందుకని అడగడానికి వచ్చినా."

చెప్పాను. నిబంధన అందరికీ ఒకటేనని కూడా అన్నాను.

"అట్టనా. అప్పుడు గేటు కాడ మనుషుల్ని పెట్టినారు. ఇప్పుడు గేటునే కాగితంలో పెట్టినారు. అప్పుడు మా ఆడమనిషి కారియర్లో పెట్టుకోనొచ్చింది. ఇప్పుడు దేంట్లో పెట్టుకోని రావాల మేడమ్?"

ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నమస్కారం తిట్టుకన్నా బరువుగా తగిలింది.

పలక

తర్వాత రేట్లు తెరిచి, ఆ పెద్ద కాంట్రాక్టరుతోనే ఒప్పందం చేసుకున్నారు. జరిగినదాన్ని వెనక్కి తిప్పే ధైర్యం నాకింకా రాలేదు. కనీసం పనైనా సరిగ్గా చేయిద్దామనుకున్నాను. మా టెండరు కాగితాలు నూటనలభై పేజీలు, అన్నీ ఇంగ్లీషు. పోర్టల్లో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చని ప్రతి మీటింగులో మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఆ పల్లెల్లో ఎవరు తెరిచి చూస్తారు? తెరిచినా ఎవరికి అర్థమవుతుంది?

నేను ఒక ఆదివారం కూర్చుని, ఆ నూటనలభై పేజీల్లో ఊరి మనిషి కంటితో చూసి చెప్పగలిగినవి ఏవేవి ఉన్నాయో ఏరాను. తొమ్మిది వాక్యాలయ్యాయి. తెలుగులో రాసి, పెద్ద రేకు పలక మీద రంగుతో రాయించి, సైటు దగ్గర పాతించాను. పునాది ఎంత లోతు ఉండాలి, ఇనుప కడ్డీ ఎంత లావుండాలి, కాంక్రీటు పోశాక ఎన్నాళ్ళు తడపాలి. ఐదో వాక్యం ఇది: "కాంక్రీటు కలపడానికీ తడపడానికీ ఉప్పునీళ్ళు వాడకూడదు. తీపినీళ్ళు ట్యాంకరుతో తేవాలి." అడుగున నా పేరు, ఫోను నంబరు.

ఈఈ గారు చూసి, "పోర్టల్లో ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అన్నారు. "పోర్టల్లో ఉండేది మనకు సార్, ఇది వాళ్ళకు" అన్నాను. ఆయనకది పనికిమాలిన ముచ్చటగా అనిపించినట్టుంది. వద్దనలేదు.

రెండు నెలలకు, ఒక మిట్టమధ్యాహ్నం ఫోను వచ్చింది.

"ఇంజినీరమ్మేనా? నేను కావేరమ్మని మాట్లాడతా ఉండా. నీ పలక మా కోడలు చదివి చెప్పినాది. నీళ్ళు ట్యాంకరులో తేవాలని రాసినావు గదా? వీళ్ళు మా బోరుకే మోటరు పెట్టి పోస్తా ఉండారు. ఇయ్యాళ మొదులా? పునాది కాడ్నుంచీ ఇంతే. మేం నోట పెట్టలేని నీళ్ళు మీ ట్యాంకీ తాగతాదా?"

కావేరమ్మకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. ఎండుచేపలు గంపకెత్తుకుని ముత్తుకూరు సంతకు పోయే మనిషి. చదువు రాదు. ఆ పలక ముందు నిలబడి తొమ్మిది వాక్యాలూ కోడలి చేత నాలుగైదుసార్లు చదివించుకుని నోటికి పట్టేసింది.

నేను జీపు కోసం కూడా ఆగకుండా బస్సెక్కి వెళ్ళాను. మోటరు ఇంకా నడుస్తోంది. పునాదులు అయిపోయాయి. ఆరు స్తంభాలు మొదటి దూలాల దాకా లేచాయి. కాంట్రాక్టరు మనిషి, "ఇయ్యాళ ఒక్క రోజే మేడమ్, ట్యాంకరు రాలేదు" అన్నాడు. కావేరమ్మ పక్కనే ఉంది. "నా మొకం చూసి చెప్పు ఆ మాట" అంది. అతను పోయి మోటరు ఆపేశాడు.

నీళ్ళు సీసాలో పట్టాను. స్తంభాలకు రంధ్రాలు వేయించి లోపలి పొడి తీయించాను. రెండూ ప్రయోగశాలకు పంపాను. నీళ్ళలో ఉప్పు ఉంటుందని తెలిసిందే. స్తంభం లోపలి పొడిలో కూడా హద్దుకు ఎన్నో రెట్లు ఉంది. అంటే తడపడానికి కాదు, కలపడానికే ఆ నీళ్ళు వాడారు. అలాంటి కాంక్రీటు బయటికి బాగానే కనిపిస్తుంది. లోపల ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కొన్నేళ్ళకు పెచ్చులూడుతుంది. పైన నిండుగా నీళ్ళున్న ట్యాంకు.

ఎవరిని అడగాలి

రిపోర్టు చదివాక ఈఈ గారు తలుపు మూయించారు.

"కూల్చమంటావు. సరే. మళ్ళీ టెండరు, మళ్ళీ పునాది. ఏడాదిన్నర. ఆ ఆడవాళ్ళు ఇంకో రెండు ఎండాకాలాలు బిందెలు పట్టుకుని నిలబడాలి. నీ మనసు తేలికవుతుంది, వాళ్ళ నడుం విరుగుతుంది. స్తంభాల చుట్టూ ఇంకో పొర కాంక్రీటు పోయిస్తాను. పదిహేనేళ్ళు నిలుస్తుంది. ఆలోచించు."

నేను కొట్టిపారేయలేకపోయాను. ఆ మాటలో నిజం ఉంది. ఆయన స్వార్థంతోనే అన్నారని కూడా నేననను. ఆయన ఆ కాంట్రాక్టరు దగ్గర ఏమైనా పుచ్చుకున్నారో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. పైనుంచి ఎవరో చెప్తే కాదనలేకపోయారని నా ఊహ. చెడ్డ పైఅధికారులు చెప్పింది వినకుండా ఉండటం అంత కష్టమేం కాదు. మంచివాళ్ళు చెప్పినప్పుడే మనం తప్పులు చేస్తాం.

కానీ ఆ ట్యాంకు కింద బతకాల్సింది ఆయనా కాదు, నేనూ కాదు. వాళ్ళనే అడుగుదామని పల్లెకు వెళ్ళాను. చేపలు ఎండబెట్టే తిన్నె దగ్గర ముప్పై నలభై మంది ఆడవాళ్ళు చేరారు. దాచకుండా చెప్పాను. పొర వేస్తే నీళ్ళు త్వరగా వస్తాయి, కానీ ఎన్నాళ్ళు నిలుస్తుందో నేను పూచీ పడలేను. కూలిస్తే ఇంకో రెండు ఎండాకాలాలు ట్యాంకరే గతి.

ఒకావిడ వెంటనే లేచింది. "మా వల్ల కాదమ్మా. పదేళ్ళు నిలిచినా చాలు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత." చాలామంది తలలూపారు. నాకు వాళ్ళను తప్పు పట్టే హక్కు లేదు. మా ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి.

కావేరమ్మ చేతిలో ఉన్న గంప కింద పెట్టింది. "అడుగున బొక్కుందని తెలిసినాక ఆ పడవలో నీ మొగుణ్ణి పంపతావా? పంపవు గదా. ట్యాంకీ పడేటప్పుడు కింద ఎవురుంటారో తెలుసునా? పక్కనే అంగన్‌వాడీ. మన మనవళ్ళు, మనవరాళ్ళు. నాకూ నీళ్ళు కావాల. బిడ్డల నెత్తిన పడే నీళ్ళు నాకొద్దు."

చాలాసేపు వాదులాడుకున్నారు. గొంతులు పెరిగాయి, ఇద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. చివరికి మిగిలినవాళ్ళంతా కూల్చమన్నారు. మొదట లేచినావిడ ఏడుస్తూనే, "సరే అక్కా" అంది.

"ఆ రిపోర్టు కాగితం మాకియ్యి" అంది కావేరమ్మ నాతో. చాటుగా ఇవ్వడం నాకు చిటికెలో పని. ఇవ్వలేదు. సమాచార హక్కు కింద ఎలా అడగాలో కోడలికి చెప్పాను. "మీరు అడగండి. అడిగితే ఇవ్వాల్సిందే. నేను దొంగతనంగా ఇస్తే అది నా దయ అవుతుంది, మీరు అడిగి తీసుకుంటే మీ హక్కు అవుతుంది" అన్నాను. మరుసటి రోజే, వేలిముద్రలూ సంతకాలూ కలిపి ఇరవై ఆరుతో, దరఖాస్తు ఆఫీసుకు వచ్చింది. రిపోర్టు పంపాం.

నేను చేయాల్సింది ఇంకొకటి మిగిలింది. ఈఈ గారి పైన ఉండే ఎస్ఈ గారికి ఉత్తరం రాశాను. రెండు పేజీలు. మొదటి పేరాలో ఆ పది కిలోమీటర్ల వాక్యం నేనే రాశానని, దాని ఫలితం చూసుకోలేదని రాశాను. రెండో పేరాలో డీడీల నంబర్లు పక్కపక్కనే ఉండటం చూసి కూడా సంతకం పెట్టానని రాశాను. ఉప్పునీళ్ళ సంగతి మూడో పేరాలో.

మా ఆయన చదివి, "మొదటి రెండు పేరాలు తీసేస్తే నీకేం కాదు కదా?" అన్నారు.

"తీసేస్తే మూడోది ఎవరూ నమ్మరు" అన్నాను. ఆయన మళ్ళీ ఒకసారి చదివి, "అయితే కింద తేదీ వెయ్యలేదు, వెయ్యి" అని కాగితం నా చేతికిచ్చారు.

విచారణ జరిగింది. నాకు ఇంక్రిమెంట్లు కోతపడ్డాయి, స్టోర్స్ విభాగానికి బదిలీ అయింది. ఈఈ గారికీ శిక్ష పడింది. ఆ తర్వాత ఆయన నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నెల్లూరులో ఒక పెళ్ళిలో ఎదురుపడితే, ఆయన చూపు పక్కకు తిప్పుకుని నడిచిపోయారు. నాకు పని నేర్పిన మనిషి. ఆ నష్టానికి పరిహారం లేదు, ఉండాలని కూడా నేననను.

పునాదులతో సహా స్తంభాలు కూల్చారు. ఆ కాంట్రాక్టరు ఒప్పందం రద్దు చేశారు. కొత్త టెండరులో ఆ వాక్యం లేదు. అనర్హులైనవాళ్ళకు కారణం ఏమిటో కూడా ఈసారి పోర్టల్లో వివరంగా పెట్టారు. ఏడు బిడ్లొచ్చాయి. మస్తాన్ గారు కూడా వేశాడు. మూడో స్థానంలో నిలిచాడు. పక్క జిల్లా ఆయన ఎవరో తక్కువకు వేసి పని దక్కించుకున్నారు. నేను స్టోర్స్‌లో పైపులు లెక్కపెట్టుకుంటుంటే మస్తాన్ గారి ఫోను.

"ఓడిపోయినా మేడమ్."

"చూశాను. బాధగా ఉంది మస్తాన్ గారూ."

"బాధెందుకు మేడమ్? ఆయన రేటు నాకు గిట్టదు, అంతే. ఈ తూరి ఎందుకు ఓడిపోయినానో నాకు తెలుసు. మా ఇంట్లో చెప్తే, సరేలే అన్నాది. అది చెప్పడానికే చేసినా."

మీకు చెప్పేది

టెండరులో ప్రతి అర్హత నిబంధనా ఎవరినో ఒకరిని బయట నిలబెడుతుంది. కొన్నిసార్లు నిలబెట్టాలి కూడా. కానీ వాక్యం రాసేముందు, ఇది ఎవరెవరిని ఆపుతుందో పేర్లతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. ఒకడు తప్ప అందరూ ఆగిపోతుంటే, ఆ వాక్యం ఎంత సబబుగా వినిపించినా మీ చేత్తో రాయకండి. రాయమన్నవాళ్ళను కాగితం మీద రాసివ్వమని అడగండి. నా అనుభవంలో, అలా అడిగినప్పుడు సగం నిబంధనలు వాటంతటవే మాయమవుతాయి.

అనుమానం కనిపిస్తే నోటితో చెప్పి ఊరుకోకండి. నేను ఈఈ గారి గదిలో నోటితో చెప్పి, నా పని అయిపోయిందనుకున్నాను. ఫైలులో రాసి ఉంటే ఆ స్తంభాలే లేచేవి కావు.

అప్‌లోడు చేశాం కాబట్టి అందరికీ తెలిసినట్టేనని ఎప్పుడూ అనకండి. మన పోర్టల్ కాంట్రాక్టర్లకు ద్వారం తెరిచింది, ఆ పని బాగా చేసింది. నీళ్ళు తాగేవాళ్ళకు తెరవాల్సిన ద్వారం ఇంకొకటి ఉంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తెరవదు. తొమ్మిది వాక్యాలు వాళ్ళ భాషలో రాయడానికి నాకు పట్టింది ఒక్క ఆదివారం.

చేసిన తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం పోతుందని భయపెడతారు. నాది పోలేదు. కోతపడింది, బదిలీ అయింది, కొందరు మాట్లాడటం మానేశారు. అవన్నీ భరించగలిగినవే.

ట్యాంకు పూర్తయింది. మూడు పల్లెలకూ నీళ్ళు వస్తున్నాయి. ప్రారంభోత్సవానికి నన్ను పిలవలేదు. దాని గురించి నాకు పట్టింపు లేదు, ఎందుకంటే అంతకుముందు ఒక రోజు సెలవు పెట్టుకుని నేను చూడాల్సింది చూశాను.

కొత్త పునాదికి తొలి కాంక్రీటు పోసే రోజు అది. కావేరమ్మ ఫోను చేసి రమ్మంది. నేను ఆడవాళ్ళ మధ్య నిలబడ్డాను. అప్పటికి ఆ పని మీద నాకు ఏ అధికారమూ లేదు. కొత్త డిప్యూటీ ఇంజినీరు, కొత్త కాంట్రాక్టరు, మేస్త్రీలు, అందరూ మిక్సర్ చుట్టూ ఉన్నారు. తీపినీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగింది. డ్రైవరు గొట్టం విప్పబోతుంటే కావేరమ్మ ముందుకు నడిచింది. "ఉండు" అంది.

ఎవరూ ఆమెను ఆపలేదు. మేస్త్రీ మిక్సర్ మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. ఇంజినీరు పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె ట్యాంకరు కుళాయి తిప్పి, దోసిలి పట్టి, నీళ్ళు నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుని పుక్కిలించింది. మేమంతా ఆమె మొహంకేసి చూస్తున్నాం. మెల్లగా మింగింది.

"ఆఁ," అంది, చెయ్యి చీరకు తుడుచుకుంటూ. "పొయ్యండి."